70 సీసీ చైన్‌సా: కొనేటప్పుడు చూడాల్సినవి, చేయదగ్గ మార్పులు, కార్బొరేటర్ ట్యూనింగ్

చైన్‌సా కొన్నవారిలో చాలామంది మొదట అడిగేది సైలెన్సర్‌కి ఇంకో బొక్క పెడితే పవర్ పెరుగుతుందా అని. దానికి జవాబు ఉంది, కానీ బాగా కింద, మార్పులు అన్న భాగంలో ఉంది. అలా కావాలనే పెట్టాం. చైన్ పదును, పెట్రోల్ మిశ్రమం, కార్బొరేటర్ (గాలినీ పెట్రోలునీ కలిపే భాగం) సెట్టింగ్ ఈ మూడూ కుదరని మిషన్‌కి ఏ మార్పు చేసినా పిస్టన్ పట్టేసే (సిలిండర్‌లో ఇరుక్కుపోయే) రోజు ముందుకు జరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

సరుగుడు, జామాయిల్, సుబాబుల్ తోటలు కోసే కాంట్రాక్టర్లు, తుపాను తర్వాత పడిపోయిన కొబ్బరి, మామిడి చెట్లు తీసేవారు, అడితిలో చింత, తుమ్మ దుంగలు ముక్కలు కొట్టేవారు, అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషన్ చేతిలో ఉండేవారి కోసం ఇది. ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కోసుకునేవారికి ఇంత అవసరం లేదు. 30 నుంచి 45 సీసీ మిషన్ సరిపోతుంది.

ఎంత సైజు కావాలి

కోసే మాను మందాన్ని బట్టి సైజు తేల్చుకోవాలి. 6 నుంచి 8 అంగుళాల సరుగుడు, సుబాబుల్ తోటకి 50 సీసీ మిషన్, 16 అంగుళాల బార్ (చైన్ తిరిగే పలక) చాలు. అక్కడ పవర్ కంటే బరువే ముఖ్యం. వందల మొక్కల దగ్గర నడుం వంచి లేవాలి కాబట్టి ఒక కిలో తేడా సాయంత్రానికి తెలుస్తుంది. అడుగు దాటిన జామాయిల్, మామిడికి 60 నుంచి 70 సీసీ, 18 లేదా 20 అంగుళాల బార్ కావాలి. రెండడుగులు దాటిన చింత, మర్రి, రావి మొదళ్లకి 90 సీసీ దాకా వెళ్లాల్సి వస్తుంది.

మార్కెట్లో దొరికే వాటిలో స్టిల్ ఎమ్‌ఎస్ 261 సుమారు 50 సీసీ, 3 కిలోవాట్లు. ఎమ్‌ఎస్ 382 అయితే 72.2 సీసీ, 3.9 కిలోవాట్లు. ఎమ్‌ఎస్ 661 అయితే 91.1 సీసీ, 5.4 కిలోవాట్లు. హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీ 70.7 సీసీ, దాదాపు 4 కిలోవాట్లు. ఒకే ఒక్క మిషన్‌తో అన్ని పనులూ నడపాలంటే 70 సీసీ తరగతిలోనే తీసుకోండి. 18 అంగుళాల బార్ వేసి తోట కోయొచ్చు, 24 అంగుళాల బార్ వేసి మొదలు కోయొచ్చు.

సీసీ అంకెను మాత్రం డబ్బా మీద చూసి నమ్మొద్దు. లెక్క తేలిక: బోరును (సిలిండర్ లోపలి వ్యాసం) బోరుతో గుణించి, 0.7854తో గుణించి, స్ట్రోకుతో (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) గుణించి, వెయ్యితో భాగించాలి. కొలతలు మి.మీ.లో ఉండాలి. 372 ఎక్స్‌పీ బోరు 50, స్ట్రోకు 36 కాబట్టి 70.7 వస్తుంది, కంపెనీ చెప్పిందీ అంతే. అదే 5800 నంబరుతో, 58 సీసీ అంటూ అమ్ముడయ్యే చవక మిషన్లలో బోరు సాధారణంగా 45.2, స్ట్రోకు 34 దగ్గర ఉంటుంది. లెక్క కడితే 54 చిల్లర. ఆ మిషన్లు అసలు పనికిరావని కాదు. కానీ 58 సీసీ అనుకుని 22 అంగుళాల బార్ తగిలిస్తే నెల తిరక్కుండానే క్లచ్ మాడుతుంది.

రోజువారీ పని మిషన్‌ని ఎలా గుర్తుపట్టాలి

తేడా కడుపులో ఉంటుంది. వృత్తి మిషన్లలో క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు పెట్టె) మెగ్నీషియంతో చేసి, నిలువుగా రెండు చెక్కలుగా విడిపోతుంది. సిలిండర్ దాని మీద నాలుగు బోల్టులతో కూర్చుంటుంది. సిలిండర్ విప్పాలంటే అరగంట పని. తోట మిషన్లలో, అంటే ఇంటి వాడకానికి చేసినవాటిలో, సిలిండర్‌నీ ఇంజిన్ అడుగునీ ప్లాస్టిక్ బాడీలో కలిపి బిగిస్తారు, పిస్టన్ చూడాలంటే మొత్తం ఇంజిన్ బయటికి రావాలి. రెండో గుర్తు బార్ నట్లు: వృత్తి మిషన్లకి దాదాపు ఎప్పుడూ రెండు ఉంటాయి. మూడోది ఆయిల్ పంపు: చైన్ ఆయిల్‌ని ఎక్కువ తక్కువ చేసుకునే స్క్రూ ఉండాలి. ఐడ్లింగ్‌లో పంపు ఆగిపోయేది ఇంకా మంచిది.

ఇంకో నిర్ణయం కార్బొరేటర్ రకం. స్టిల్‌లో ఎమ్-ట్రానిక్, హస్క్‌వర్నాలో ఆటోట్యూన్ ఉన్న మోడళ్లలో గాలి, పెట్రోలు మిశ్రమాన్ని మిషనే సరిచేసుకుంటుంది. మనం తిప్పే ఎల్, హెచ్ స్క్రూలు వాటికి ఉండవు. తేడా వస్తే డీలర్ దగ్గరి పరికరం కావాలి. సర్వీసు సెంటరు దగ్గర్లో ఉంటే అవి హాయి. ఏజెన్సీలోనో లంకల్లోనో పని చేస్తూ, పాడైతే స్క్రూడ్రైవర్‌తో మీరే చూసుకోవాల్సిన పరిస్థితి అయితే ఎమ్‌ఎస్ 382 లాంటి స్క్రూల కార్బొరేటరే మేలు.

పాతది కొంటే

స్టార్ట్ చేసి చూపిస్తానని అమ్మేవాడు అంటాడు. ముందే వేడి చేసి పెట్టిన మిషన్ ఎవరి చేతిలోనైనా స్టార్టవుతుంది. చల్లగా ఉన్నప్పుడే చూడాలి. స్టార్టర్ పిడి పట్టుకుని మిషన్‌ని గాల్లోకి ఎత్తండి, డీకంప్రెషన్ బటన్ (తాడు తేలిగ్గా లాగడానికి కంప్రెషన్ తగ్గించేది) ఉంటే నొక్కకుండా. మిషన్ తాడు మీద ఆగి ఆగి, మెట్లు దిగినట్టు దిగితే కంప్రెషన్ ఉంది. జర్రున జారిపోతే లేదు. గేజి ఉంటే 70 సీసీ మిషన్‌లో 150 పీఎస్‌ఐ పైన చూపించాలి. 120 లోపు అయితే పిస్టన్, రింగుల ఖర్చు ధరలో తగ్గించి అడగాలి.

తర్వాత సైలెన్సర్ బోల్టులు విప్పి రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూడండి. ఈ ఒక్క పనికి ఒప్పుకోనివాడి దగ్గర కొనొద్దు. పిస్టన్ పక్క మీద లేతు పట్టినప్పటి సన్నటి అడ్డగీతలు కనబడుతుంటే లోపల ఆరోగ్యం బాగుంది. నిలువు గీతలుంటే ఒకసారి పట్టేసిన ఇంజిన్ అన్నమాట.

బార్, చైన్

చైన్ మీద మూడు అంకెలు కుదరాలి: పిచ్, గేజి, డ్రైవ్ లింకుల సంఖ్య. వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేస్తే పిచ్. వృత్తి మిషన్లలో 50 సీసీకి 0.325 అంగుళాలు, 60 నుంచి 90 సీసీకి 3/8 అంగుళాలు మామూలు. గేజి అంటే బార్ గాడిలో కూర్చునే లింకు మందం. స్టిల్ పెద్ద మిషన్లలో ఎక్కువగా 1.6 మి.మీ., హస్క్‌వర్నాలో 1.5 మి.మీ. ఈ 0.1 తేడా కంటికి కనబడదు. కానీ 1.6 గాడిలో 1.5 చైన్ వేస్తే చైన్ పక్కకి ఒరిగి కోత వంకర పోతుంది, 1.5 గాడిలో 1.6 అసలు కూర్చోదు.

పళ్ల రకంలో మూల గుండ్రంగా ఉండేది సెమీ చిజెల్, పదునుగా మడిచినట్టుండేది ఫుల్ చిజెల్. శుభ్రమైన పచ్చి జామాయిల్‌లో ఫుల్ చిజెల్ వేగానికి సాటి లేదు. కానీ దాని మూల ఒక్కసారి ఇసుక తాకితే అయిపోతుంది. కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు మొదలు మీద, వరదలో పడి మట్టి పట్టిన మాను మీద, ఎండిన చింత, తుమ్మ మీద సెమీ చిజెలే పెట్టాలి.

కొబ్బరి, తాడి వేరే కథ. అక్కడ గట్టిదనం కంటే పీచుతో ఇబ్బంది. పొడుగు పీచు క్లచ్ కవర్లోకి వెళ్లి స్ప్రాకెట్‌కి (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) చుట్టుకుంటుంది, ఆయిల్ రంధ్రాన్ని మూసేస్తుంది. రెండు మూడు మాన్లకోసారి మిషన్ ఆపి, కవర్ తీసి పీచు లాగేయాలి. చేయకపోతే బార్ నీలం రంగుకి తిరుగుతుంది.

బార్ ఆయిల్ పడుతోందో లేదో చూడటానికి బార్ కొనని తెల్ల కాగితానికి జానెడు దూరంలో పట్టి సగం రేసు ఇవ్వండి. కొద్ది సెకన్లలో కాగితం మీద నూనె గీత పడాలి. బండ్లలోంచి తీసిన నల్ల ఆయిల్ పోసే అలవాటు అన్నిచోట్లా ఉంది. దాన్లోని లోహపు పొడి పంపునీ బార్‌నీ కలిపి అరగదీస్తుంది. చైన్ ఆయిల్ దొరక్కపోతే కొత్త ఎస్‌ఏఈ 30 లేదా 40 ఇంజిన్ ఆయిల్ వాడండి.

పదును

పవర్ తగ్గిందని మెకానిక్ దగ్గరికి వచ్చే మిషన్లలో చాలా వాటికి కావాల్సింది ఆకురాయి. కోతలోంచి రేకుల్లా పొట్టు రాలితే పదునుంది. పిండి రాలితే లేదు. పన్నుని ఎండకి తిప్పి పై అంచు చూడండి: మొద్దుబారిన అంచు మీద సన్నటి తెల్ల గీత మెరుస్తుంది. పదునైన అంచు మీద వెలుగు నిలవదు, ఆ గీత కనబడదు. ఆ మెరుపు పోయేదాకా రాయాలి, అంతకంటే ఒక్క దెబ్బ కూడా అక్కర్లేదు.

గుండ్రటి ఆకురాయి సైజు పిచ్‌ని బట్టి ఉంటుంది. తోట మిషన్ల 3/8 లో-ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) చైన్‌కి 4 మి.మీ., 0.325కి 4.8, వృత్తి మిషన్ల 3/8కి 5.2 లేదా 5.5. పై కోణం 30 డిగ్రీలు. ఎండిన గట్టి కలపకి 25కి దించితే అంచు ఎక్కువసేపు నిలుస్తుంది. ఆకురాయిని లోపలి వైపు నుంచి బయటికి ఒకే దిశలో తోయాలి, వెనక్కి లాగేటప్పుడు పన్నుకి తాకకూడదు. ఆకురాయి వ్యాసంలో ఐదో వంతు పన్ను పైకి కనబడాలి. అన్ని పళ్లూ ఒకే పొడవు రావాలి: ఎడమ పళ్లు పొట్టిగా, కుడి పళ్లు పొడుగ్గా ఉంటే కోత ఒక పక్కకి వంగిపోతుంది. చాలామంది దాన్ని బార్ వంకర అనుకుని బార్ మారుస్తారు.

పన్ను ముందుండే చిన్న మెట్టు, అంటే డెప్త్ గేజి, పన్ను కంటే 0.65 మి.మీ. కిందికి ఉండాలి. నాలుగైదు పదునులకోసారి గేజి పలక పెట్టి బల్లపరుపు ఆకురాయితో దించాలి. కోత జోరు పెరగాలని మరీ దించితే చైన్ కలపని కొరికి ఎగురుతుంది, కిక్‌బ్యాక్ (బార్ ఒక్కసారిగా మన మీదికి ఎగరడం) వచ్చే అవకాశం పెరుగుతుంది, క్లచ్ జారుతుంది. పన్ను 4 మి.మీ. మిగిలాక ఆ చైన్ మార్చాల్సిందే. రెండు చైన్లకోసారి స్ప్రాకెట్ రిమ్ కూడా మార్చాలి. అరిగిన రిమ్ మీద కొత్త చైన్ వేస్తే అది పాత పిచ్‌కి సాగిపోతుంది.

పెట్రోలు: ఇప్పుడు అసలు చిక్కు ఇక్కడే

బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. చైన్‌సా మాన్యువళ్లు చాలావరకు 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. లెక్క చూడండి. మామూలు పెట్రోలు పూర్తిగా మండటానికి దాని బరువుకి 14.7 రెట్లు గాలి కావాలి, ఇథనాల్‌కి 9 రెట్లు చాలు. ఈ20 (E20, 20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకి అది 13.5 దగ్గర పడుతుంది. అంటే పాత పెట్రోలుకి కుదిరిన స్క్రూ సెట్టింగ్‌లోనే ఈ20 పోస్తే గాలి, పెట్రోలు మిశ్రమం 7, 8 శాతం పల్చబడుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు అందదు. ఏ స్క్రూ ముట్టుకోకుండానే మిషన్ వేడెక్కడం మొదలవుతుంది. ఎన్నాళ్లుగానో బాగా నడిచిన మిషన్లు ఉన్నట్టుండి పట్టేయడానికి ఇదొక కారణం.

ఏ బంకులో ఎంత ఇథనాల్ ఉందో తెలుసుకోవాలంటే గీతలున్న సన్నటి సీసాలో 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. పెట్రోలు పోసి కుదిపి నిలబెట్టండి. ఇథనాల్ నీళ్లలోకి దిగుతుంది. అడుగు పొర 28 మి.లీ. దగ్గరికి పెరిగితే 18 మి.లీ. ఇథనాల్ ఉన్నట్టు, అంటే 20 శాతం. ఇది పరీక్షకే. అలా కడిగిన పెట్రోలుని మిషన్లో పోయొద్దు.

ఇథనాల్ తేమని పీలుస్తుంది. వానాకాలం సగం ట్యాంకుతో మూలన పెట్టిన మిషన్‌లో నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకి దిగవచ్చు. ఆ పొరలో 2టీ ఆయిల్ (ఇంజిన్ కోసం పెట్రోలులో కలిపేది) ఉండదు. పెట్రోల్ ఫిల్టర్ పడి ఉండేది ట్యాంకు అడుగునే. మొదట పీల్చేది దాన్నే. అందుకని ఆయిల్ కలిపి నెల దాటిన పెట్రోలు వాడొద్దు. పని లేని రోజులు వస్తే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట ఆగిపోయేదాకా నడిపి పెట్టండి.

ఆయిల్ కొలత: కంపెనీ ఆయిల్ లేదా జాసో ఎఫ్‌డీ గ్రేడు ఆయిల్ అయితే లీటరుకి 20 మి.లీ., అంటే 50కి 1. గ్రేడు తెలియని ఆయిల్ అయితే లీటరుకి 40 మి.లీ. నీళ్ల సీసా మూతతో కొలవొద్దు, సిరంజి పది రూపాయలకి దొరుకుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఆయిల్ ఎక్కువ పోస్తే మిశ్రమం చిక్కబడదు, పల్చబడుతుంది. అదే జెట్టులోంచి వెళ్లే ద్రవంలో పెట్రోలు వంతు తగ్గుతుంది కాబట్టి. ఆయిల్ పాలు మార్చినప్పుడల్లా ట్యూనింగ్ మళ్లీ చూడాలి.

ట్యూనింగ్‌కి ముందు లీకు చూడాలి

రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్‌కేసు కూడా పంపుగా పనిచేస్తుంది. ఆయిల్ సీలులోనో, కార్బొరేటర్ వెనక రబ్బరు బూటులోనో, డీకంప్రెషన్ వాల్వులోనో చిన్న చీలిక ఉంటే గాలి దొంగదారిన వస్తుంది, మిశ్రమం పల్చబడుతుంది. స్క్రూ తిప్పి దాన్ని కప్పిపుచ్చవచ్చు, కానీ లీకు పెరుగుతూనే ఉంటుంది.

గుర్తులు ఇవి. రేసు వదిలాక ఐడ్లింగ్‌కి వెంటనే దిగకుండా పైనే వేలాడటం. మిషన్‌ని పక్కకి వంచితే ఐడ్లింగ్ మారిపోవడం. వారం వారం హెచ్ స్క్రూ ఇంకాస్త విప్పాల్సి రావడం. ఖాయంగా తెలియాలంటే సైలెన్సర్, ఇన్‌టేక్ రెండు వైపులా రబ్బరు ముక్కలతో మూసి, ప్లగ్ రంధ్రంలోంచో ఇంపల్స్ పైపులోంచో (క్రాంక్‌కేసు నుంచి కార్బొరేటర్‌కి వెళ్లేది) చేతి పంపుతో 0.5 బార్ ఒత్తిడితో గాలి పెట్టి సబ్బునీళ్లు రాయాలి. తర్వాత అంతే వాక్యూమ్ కూడా పెట్టి చూడాలి. కొన్ని సీళ్లు గాలి నెడితే బిగుసుకుని, వాక్యూమ్‌లో మాత్రమే లీకవుతాయి. ఒక్క ప్రెషర్ పరీక్షతో సరిపెట్టుకుంటే అవి దొరకవు.

ట్యూనింగ్

ఎల్ స్క్రూ ఐడ్లింగ్‌కీ పికప్‌కీ, హెచ్ పూర్తి రేసుకీ మిశ్రమం అందిస్తాయి. ఎల్ఏ లేదా టీ అని ఉండేది మిశ్రమం కాదు, ఐడ్లింగ్ వేగం మాత్రమే. ఎల్, హెచ్ రెండిటినీ కుడికి తిప్పితే పల్చన, ఎడమకి తిప్పితే చిక్కన.

సిద్ధం చేసుకోవాల్సినవి: కడిగిన ఎయిర్ ఫిల్టర్, తాజాగా ఆయిల్ కలిపిన పెట్రోలు సగం ట్యాంకు, పదునైన చైన్ ఉన్న బార్, చెవులకి రక్షణ. ప్లగ్ గ్యాప్ 0.5 మి.మీ., కాయిల్‌కీ మాగ్నెట్‌కీ మధ్య 0.3 మి.మీ. వీలైతే తీగ తగిలించక్కర్లేని టాకోమీటర్ (ఇంజిన్ వేగం చూపే మీటర్). మనుషులు దగ్గర్లో ఉండకూడదు. బార్ దేనికీ తాకకూడదు.

1. ఇంజిన్ ఆపి ఎల్, హెచ్ రెండూ కుడికి మెల్లగా, తగిలేదాకా మాత్రమే బిగించండి. గట్టిగా తిప్పితే సూది మొన లోపల విరుగుతుంది. అక్కడి నుంచి మాన్యువల్ చెప్పినన్ని చుట్లు విప్పండి. ఎక్కువ మోడళ్లకి ఒక చుట్టు.

2. స్టార్ట్ చేసి, రెండు మూడు దుంగలు కోసి వేడెక్కించండి. చల్లటి ఇంజిన్‌ని ట్యూన్ చేస్తే ఆ సెట్టింగ్ పది నిమిషాలే నిజం.

3. ఎల్: మెల్లగా కుడికి తిప్పుతూ పోతే ఐడ్లింగ్ పెరిగి, ఒకచోట నుంచి పడిపోవడం మొదలెడుతుంది. బాగా ఎత్తుగా నడిచిన చోటు పట్టుకుని, అక్కడి నుంచి పావు చుట్టు ఎడమకి రండి. ఈలోగా చైన్ తిరుగుతుంటే ఎల్ఏని తగ్గించుకుంటూ ఉండండి. రేసు ఒక్కసారి నొక్కండి: తడబడి, ఊపిరి బిగబట్టినట్టయి లేస్తే ఎల్ ఇంకా పల్చన, ఇంకాస్త విప్పండి. పొగ కక్కి మూలుగుతూ లేస్తే మరీ చిక్కన.

4. హెచ్: పూర్తి రేసు ఇచ్చి శబ్దం వినండి. గాల్లో ఒక్కోసారికి మూడు సెకన్లు మించి పట్టొద్దు. చిక్కగా ఉన్న ఇంజిన్ గరగరలాడుతుంది, ఒక పేలుడు వదిలి ఒక పేలుడు మండుతున్నట్టు. ఎనిమిదో వంతు చుట్టు చొప్పున కుడికి తిప్పుతూ పోతే ఆ గరగర పోయి సన్నటి ఈల వస్తుంది. అది వినబడగానే వెనక్కి ఎడమకి తిప్పి గరగర మళ్లీ వచ్చేలా చేయండి. ఈల బాగుందని అక్కడే వదిలేసిన మిషన్లే పట్టేస్తాయి. పట్టేయబోయే ముందు ఇంజిన్ మరింత జోరుగా వినబడుతుంది, అందుకే మోసపోతారు.

5. కోతలో పరీక్ష: మందపాటి దుంగలోకి బార్ పూర్తిగా దించి కోయండి. లోడు మీద గరగర పోయి శబ్దం శుభ్రంగా ఉండాలి. చేతి ఒత్తిడి కొంచెం తగ్గించగానే గరగర తిరిగి రావాలి. లోడు మీద కూడా గరగర ఉంటే ఎనిమిదో వంతు కుడికి. ఒత్తిడి తగ్గించినా రాకపోతే ఎనిమిదో వంతు ఎడమకి.

6. హెచ్ మార్చాక ఎల్ మళ్లీ చూడండి, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద ఉంటుంది. చివరికి ఎల్ఏని చైన్ కదలకుండా, ఇంజిన్ ఆగకుండా నిలబెట్టండి. చాలా మిషన్లకి అది 2,700, 2,800 ఆర్‌పీఎమ్ దగ్గర.

టాకోమీటర్ ఉంటే మాన్యువల్లోని గరిష్ఠ వేగం కంటే 300 నుంచి 500 తక్కువలో ఆగండి. పాత 372 ఎక్స్‌పీకి 13,500 రాసి ఉంటుంది. ఈ20 పెట్రోలుతో, రోజంతా లోడు మీద నడిచే మిషన్‌కి 13,000 చాలు. కొన్ని మోడళ్లలో కాయిలే ఒక వేగం దాటనివ్వదు. ఆ అడ్డు తగిలినప్పటి శబ్దం అచ్చం గరగరలాగే ఉండి, చెవిని నమ్మినవారిని పల్చటి వైపుకి తీసుకుపోతుంది. అలాంటి మిషన్‌కి బాగా చిక్కటి వైపు నుంచి మొదలెట్టి, మీటర్ చూస్తూ ఆ అడ్డుకి 500 ముందే ఆగిపోవాలి.

మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో చేసిన సెట్టింగ్, డిసెంబరు పొద్దున 12 డిగ్రీల్లో పనికిరాదు. చల్లటి గాలి పదో వంతు చిక్కగా ఉంటుంది, మిశ్రమం పల్చబడుతుంది. చలికాలం మొదట్లో హెచ్‌ని కొంచెం విప్పాలి. అరకు లాంటి ఎత్తు మీదికి తీసుకెళ్తే దీనికి తిరగబడి చిక్కబడుతుంది. పికప్ మందగించినా అక్కడ పిస్టన్‌కి ప్రమాదం లేదు.

మార్పులు

వీటితో వారంటీ పోతుందని ముందే తెలుసుకోండి. లీకు ఉన్న ఇంజిన్ మీద, ట్యూనింగ్ కుదరని ఇంజిన్ మీద చేయొద్దు.

చేసే మార్పుల్లో ఖర్చుకి తగ్గ ఫలితం ఇచ్చేది సైలెన్సరే. కంపెనీ శబ్దం, పొగ నిబంధనల కోసం దారిని ఇరుకు చేస్తుంది. మొత్తం బయటి దారి, సిలిండర్ ఎగ్జాస్ట్ రంధ్రం వైశాల్యంలో 70 నుంచి 80 శాతం ఉంటే చాలన్నది మెకానిక్‌ల లెక్క. ఉదాహరణకి రంధ్రం 28 × 18 మి.మీ. అనుకుందాం. మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి పదో వంతు తీసేస్తే సుమారు 450 చదరపు మి.మీ. దాన్లో 70 శాతం 315. ఉన్న గొట్టం 12 మి.మీ. వ్యాసం అయితే దాని దారి 113. ఇంకా కావాల్సింది 200, అంటే 16 మి.మీ. బొక్క ఒకటి. అంతకు మించి తెరిస్తే శబ్దం పెరుగుతుంది తప్ప కోత పెరగదు.

ఇంజిన్ చల్లారాక, పిస్టన్ పైకి తెచ్చి రంధ్రం మూసుకుపోయేలా ఉంచి, సైలెన్సర్ విప్పండి. సిలిండర్ రంధ్రంలో గుడ్డ కుక్కండి. లోపలి అడ్డుపలక ఉంటే ముందు దాన్ని తెరవాలి, అది మూసి ఉండగా బయట ఎన్ని బొక్కలు పెట్టినా దండగే. కొత్త బొక్క ప్లాస్టిక్ వైపు, ముందు పిడి పట్టే చేతి వైపు, ట్యాంకు వైపు చూడకూడదు. రేకు ముక్క వెల్డింగు చేసి పొగని ముందుకి మళ్లించాలి. నిప్పురవ్వల జాలీ కొత్త బొక్కకి కూడా తప్పనిసరి. ఎండిన సరుగుడు ఆకు తెట్టుగా పరుచుకున్న తోటలో ఒక్క రవ్వ చాలు. లోహపు పొడి ఒక్క నలుసు కూడా లేకుండా కడిగి, గాలి కొట్టి బిగించండి.

తిరిగి స్టార్ట్ చేయకముందే హెచ్‌ని పావు చుట్టు ఎడమకి విప్పండి. గాలి దారి పెరిగింది, పెట్రోలు దారీ పెరగాలి. హెచ్ స్క్రూకి అడ్డు టోపీ ఉండి అంత తిరగకపోతే, ముందు దాని సంగతి చూడకుండా సైలెన్సర్ ముట్టుకోవద్దు. ఆ తర్వాత పైన చెప్పిన అంచెలన్నీ మొదటి నుంచి చేయాలి.

7 పళ్ల రిమ్ తీసి 8 పళ్లది వేస్తే చైన్ వేగం 14 శాతం పెరుగుతుంది, లాగుడు అంతకు తగ్గట్టు పడిపోతుంది. 70 సీసీ మీద పొట్టి బార్‌తో మెత్తటి సుబాబుల్ కోసేవారికి బాగుంటుంది. 24 అంగుళాల బార్‌తో చింత కోసేవారు దాని జోలికి పోవద్దు.

సిలిండర్ కింది గ్యాస్కెట్ తీసేసి కంప్రెషన్ పెంచడం ఇంకో పద్ధతి. ప్లగ్ రంధ్రంలోంచి 1.5 మి.మీ. సోల్డర్ తీగని పిస్టన్ పిన్ను ఉన్న దిక్కుగా అంచు దాకా పెట్టి, ఇంజిన్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన కొన మందం కొలవండి. పిస్టన్‌కీ సిలిండర్ పైకప్పుకీ మధ్య సందు అదే. అది 0.95 వచ్చి, గ్యాస్కెట్ మందం 0.5 అయితే, తీసేశాక మిగిలేది 0.45. అది ప్రమాదం, 0.5 కంటే తగ్గకూడదు. అలాంటప్పుడు 0.25 మి.మీ. గ్యాస్కెట్ వేస్తే 0.70 వస్తుంది, చాలు. సిలిండర్ కిందికి దిగితే ఎగ్జాస్ట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, కింది లాగుడు పెరుగుతుంది. స్టార్టర్ తాడు బరువెక్కుతుంది.

మాగ్నెట్ కీని అరగదీసి టైమింగ్ (ప్లగ్ నిప్పు కొట్టే క్షణం) ముందుకి జరపడం గురించి ఎక్కువగా వింటారు. 12 మి.మీ. షాఫ్టు మీద కీని 0.5 మి.మీ. జరిపితే దాదాపు 5 డిగ్రీలు. పికప్ కాస్త చురుకవుతుంది నిజమే, కానీ తాడు వెనక్కి లాగి వేళ్లు విరగ్గొడుతుంది, సిలిండర్ తల వేడి పెరుగుతుంది. ఈ ఎండల్లో, ఈ పెట్రోలుతో అక్కర్లేదు. పోర్టింగ్ అంటే సిలిండర్ రంధ్రాలని పెద్దవి చేయడం: రింగు కొస రంధ్రంలోకి జారితే సిలిండర్ పోతుంది, డిగ్రీ చక్రం పెట్టి కొలిచేవారి చేతికే ఇవ్వాలి.

విప్పినప్పుడు పిస్టన్ చెప్పేది

పట్టేసిన ఇంజిన్‌కి కొత్త పిస్టన్ వేసే ముందు పాతది పారేయొద్దు. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే గీతలుంటే పల్చటి మిశ్రమం, వేడి. లీకు పరీక్ష, హెచ్ సెట్టింగ్ చూడాలి. ఇన్‌టేక్ వైపు మసకగా అరిగితే దుమ్ము: ఎయిర్ ఫిల్టర్ అంచు సరిగ్గా కూర్చోవడం లేదు. నాలుగు వైపులా గీతలుంటే ఆయిల్ కలపని పెట్రోలు. పైభాగం అంచు ఎలక కొరికినట్టు తింటే టైమింగ్ లేదా పెట్రోలు నాణ్యత. కారణం దొరకకుండా కొత్త పిస్టన్ వేస్తే దానికీ అదే గతి.

మార్పులు చేసిన మిషన్‌కి మొదటి రెండు ట్యాంకుల తర్వాత సైలెన్సర్ బోల్టులు మళ్లీ బిగించండి. వేడికి అవి వదులవుతాయి. అప్పుడే ప్లగ్ విప్పి చూడండి: లేత గోధుమ రంగు ఉంటే అలాగే నడపండి, తెల్లగా పాలిపోయి ఉంటే హెచ్‌ని ఎనిమిదో వంతు విప్పి ఇంకో ట్యాంకు తర్వాత మళ్లీ చూడండి.